గాలపు కర్రకు కట్టిన జెండా

ద్రౌపది మా అమ్మకు చెల్లెలు, నాకు చిన్నమ్మ. కోపిష్టి మనిషి అని మా చుట్టాల్లో ఆమెకు పేరు. నాందేడ్ వైపు కుండల్‌వాడి బజారులో ఒక కిరాణావాడు పుచ్చిన కందిపప్పు అంటగడితే, దాన్ని ఇంటికి తెచ్చి వండి, గిన్నెతో సహా మళ్లీ బజారుకు మోసుకుపోయి, అతని గల్లాపెట్టె మీద పెట్టి "తిను" అన్న మనిషి. అతను తిన్నాడని కొందరూ, దండం పెట్టి తప్పించుకున్నాడని కొందరూ అంటారు. ఆ తర్వాత మాత్రం ఆమెకు ఎప్పుడూ మంచి పప్పే ఇచ్చాడు.

ఇలాంటి కోపాలు ఆమెకు ఎంత తొందరగా వచ్చేవో అంత తొందరగా పోయేవి. పోనిది ఒకటే ఉంది. అది పోయిన చలికాలంలో, ఊళ్లో హరినామ సప్తాహం అయిపోయిన మర్నాడు వచ్చింది. ఆ రోజు సంగతి చిన్నమ్మ నోట విన్నాను, పక్కింటి మంగళ నోట విన్నాను, చివరికి మా చిన్నాయన దేవన్న కూడా తనంతట తానే చెప్పాడు. ముగ్గురూ చెప్పింది దాదాపు ఒకటే.

చిన్నమ్మ పుట్టింది బాబ్లీలో, గోదావరి ఒడ్డున. మా తాత రామకిషన్‌కు చేనిపని లేని పూట గాలం పట్టుకుని నది గట్టున కూర్చోవడం అలవాటు. మా అమ్మకు ఆ నీచు వాసనే పడేది కాదు. చిన్నమ్మ మాత్రం తాత వెనకాలే పోయి, ఎర పిసుకుతూ, బెండు వైపు చూస్తూ గంటలు గంటలు కూర్చునేది. ఇంట్లో క్షణం నిలవని పిల్ల నీళ్ల దగ్గర రాయిలా ఎలా కూర్చుంటుందని మా అమ్మమ్మకు ఆశ్చర్యం.

పెళ్లై కుండల్‌వాడి అవతలి ఊరికి కోడలిగా వచ్చాక, ఊరి బయటి తలావ్ ఆమె కంట్లో పడింది. పెద్ద చెరువు. వలలు వేసే హక్కు చేపల సొసైటీది. గాలం వేసుకోవడానికి ఎవరికీ అడ్డు లేదు. కానీ గాలం వేసేది మగవాళ్లే. కొత్త కోడలు కర్ర భుజాన వేసుకుని వస్తుంటే గట్టు మీద కూర్చున్న వాళ్లు ఒకరినొకరు చూసుకున్నారట. ఒక పెద్దమనిషి, "ఆడోళ్లు గాలమేస్తే తలావ్ ఎండిపోతది" అన్నాడు. చిన్నమ్మ ఆయన పక్కనే చతికిలబడి, "ఎండితే చాపలన్నీ చేతికే దొరుకుతయ్ గదా మామా, నీకు గాలమెందుకు?" అంది. ఇంటికి పోయేసరికి ఆ మాట అత్త చెవిన పడింది. చిన్నమ్మ అత్త చేపలంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ రాత్రి పులుసు తిన్నాక ఆమె కోడలిని ఒక్క మాట అనలేదు సరికదా, మర్నాటి నుంచి ఎరకు కావలసిన పల్లీ చెక్క తనే దంచి పెట్టేది.

ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలు పెరిగారు. నిలేశ్ ఇప్పుడు నాందేడ్‌లో ఒక మోటారు షెడ్డులో పని చేస్తాడు. పూనమ్ పెళ్లై ధర్మాబాద్‌లో ఉంది. ఇద్దరూ చిన్నమ్మ పట్టిన చేపలు తినే పెరిగారు. అందరికంటే ఇష్టంగా తిన్నది మా చిన్నాయన. తలకాయ ముక్క ఆయన కంచంలో తప్ప ఇంకెవరి కంచంలోనూ పడేది కాదు.

ఇక ఆ కర్ర. దాని గురించి చెప్పకపోతే ఆమె కోపం అర్థం కాదు. కిన్వట్ అడవి వైపు సర్ఖనిలో మా అమ్మవాళ్ల మేనమామ ఉండేవాడు. చిన్నమ్మ జీపులో, బస్సులో పడి అక్కడికి పోయి, వెదురు పొదలన్నీ తిరిగి, దగ్గర దగ్గర కణుపులున్న సన్నటి వెదురు ఒకటి తనే ఏరి కొట్టించుకుంది. దాన్ని పొగలో ఆరబెట్టింది. వంకరలున్న చోట నిప్పు సెగ చూపించి మెల్లగా సరిచేసింది. ఏటా ఆముదం పట్టించింది. మా తాత చనిపోయే ముందు ఒకసారి వచ్చి, పట్టుకునే చోట ఇనుప చువ్వ కాల్చి గుండ్రటి వాత ఒకటి పెట్టాడు, చెయ్యి జారకుండా. ఆ కర్ర చివర పరిగ పిల్ల ముట్టినా, బంగారుతీగ మూతితో తోసినా చిన్నమ్మ అరచేతికి తేడా తెలిసిపోయేది. ఆమెదంటూ ఆ ఇంట్లో ఒక వస్తువుంటే అదే. మిగతావన్నీ ఇంటివి.

ఆ చలికాలానికి ముందు ఆషాఢంలో చిన్నాయన ఊరివాళ్ల దిండీతో, అంటే భజన చేసుకుంటూ పోయే యాత్ర జట్టుతో, నడుచుకుంటూ పండరిపురం పోయి, మెడలో తులసిమాల వేసుకుని వచ్చాడు. చిన్నమ్మ సంతోషించింది. ఎదురు పోయి కాళ్లు కడిగింది. మాల వేసుకున్న మనిషి నీచు ముట్టడు కాబట్టి, పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని, ఎప్పుడైనా చేప పడితే అక్కడే వండుకుని అక్కడే తినేది. గిన్నెలు కూడా వేరు. చిన్నాయనకు అది నచ్చలేదు. నచ్చలేదని అనలేదు కూడా. ఆయన తత్వమే అంత. గొంతు ఎత్తడు, ఎదురు చెప్పడు. పొయ్యి రాజుకున్నప్పుడల్లా లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

కార్తీకం పోయింది. తర్వాత మారుతి గుడి ముందు సప్తాహం పెట్టారు. ఏడు రోజులూ చిన్నమ్మ మండపం వెనక వంటశాలలో కూర్చుని ఊరి జనానికి జొన్న రొట్టెలు కొట్టింది. రోజూ పొద్దున పనిలోకి దిగే ముందు మండపం ఎదుట ఎగురుతున్న కాషాయపు భగ్వా జెండాకు బొట్టు పెట్టి మొక్కింది. చివరి రోజు అటుకులూ పెరుగూ కలిపిన ప్రసాదం పంచి, సప్తాహం ముగిసింది.

మర్నాడు తెల్లవారగానే ఆమె ఎర కోసం జొన్నపిండి ఉడికించి, బెల్లమూ పల్లీ చెక్కా కలిపి ముద్ద చేసుకుంది. చాలా రోజుల తర్వాత తలావ్‌కు పోతున్నానని మనసు తేలిగ్గా ఉందట. కర్ర కోసం చూరులోకి చెయ్యి పెట్టింది. లేదు. అటక మీద చూసింది, గోడ వెనక చూసింది. చిన్నాయన వాకిట్లో వేపపుల్లతో పళ్లు తోముకుంటున్నాడు.

"ఓ నిలేశ్ బాపూ, సూరుల నా గాలపు కర్ర ఉండె. ఏది?"

"జెండాకు ఇచ్చిన" అన్నాడాయన, పుల్ల నోట్లో నుంచి తీయకుండానే.

"ఏ జెండాకు?"

"గదే, సప్తాహం జెండాకు. పొడుగు కర్ర కావాలన్నరు. మనింట్ల ఉండె, ఇచ్చిన."

చిన్నమ్మకు ముందు మాట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. రోజూ తాను బొట్టు పెట్టి మొక్కింది తన కర్రకే. ఎర్రమట్టి జాజు పూసి, గుడ్డ చుట్టి, పూల దండ వేస్తే తన కర్రను తానే గుర్తుపట్టలేదు. అక్కడే వెనకాల పొగలో కూర్చుని రొట్టెలు కొడుతుంటే, మొగుడు రోజూ ముందు నుంచి తిరుగుతూ కూడా ఒక్క మాట చెప్పలేదు.

"నన్ను అడగలే నువ్వు" అంది.

"దేవుని పనికి అడుగుడేంది?" అన్నాడు చిన్నాయన.

అంతే. ఆ మాటతో పని అయిపోయిందనుకుని ఆయన నోరు పుక్కిలించుకున్నాడు. చిన్నమ్మ ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. ఆమె మాట అనకుండా ఉండడం చూసి అప్పుడే కొంచెం భయమేసిందని చిన్నాయన నాతో చెప్పాడు.

ఆమె నేరుగా గుడి ముందుకు పోయింది. పందిరి విప్పుతున్న మగవాళ్లు నలుగురైదుగురు అక్కడ చాయ్ తాగుతున్నారు. జెండా కర్ర అడుగున చుట్టిన గుడ్డ తొలగించి, గోటితో జాజు గీకింది. మా తాత పెట్టిన వాత వేలికి తగిలింది. కర్రను రెండు చేతులా పట్టుకుంది. లాగితే ఊడివస్తుంది. చాయ్ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని అలాగే చూస్తున్నారు.

"దేవునికి నా మీద కోపం లేదు, నాకు దేవుని మీద లేదు" అని చిన్నమ్మ నాతో చెప్పింది. "గాని ఆ కర్ర నేను గుంజితె ఏమైతుండె? దేవన్న దేవునికి ఇచ్చిండు, వాని పెండ్లం చాపల కోసం గుంజుకపోయింది అని నేను సచ్చేదాక చెప్పుకుందురు. గా ముచ్చట ఆయినకు తెలుసు. తెలిసే ఇచ్చిండు."

కర్ర వదిలేసింది. ఇంటికి వచ్చి, అరుగు మూల పెట్టెలో నుంచి చేతి గాలం తీసింది. విరిగిన మంచం కోడు ముక్కకు చుట్టిన పొడుగాటి నైలాన్ దారం, బరువుకు ఒక ఇనుప నట్టు, చివర కొక్కెం. కర్ర లేని పేదవాళ్ల గాలం అది. ఎర ముద్ద కొంగున కట్టుకుని తలావ్‌కు నడిచింది. చిన్నాయన ఎద్దులకు నీళ్లు పెడుతూ చూశాడు. ఎక్కడికని అడగలేదు.

చలికాలం పొద్దున తలావ్ నీళ్ల మీద ఇంకా పొగమంచు ఉంది. గట్టు రాళ్లు చల్లగా ఉన్నాయి. ఒక పక్కన తుంగ దట్టంగా పెరిగి ఉంటుంది, దాని పక్కనే నీళ్లలో మునిగిన తుమ్మ మోళ్లు. ఎండ ఎక్కి ఒడ్డు నీళ్లు వెచ్చబడ్డాక బంగారుతీగలు ఆ మూలకు మేతకు వస్తాయి. బురదలో మూతి పెట్టి తవ్వుతుంటే పైకి బుడగలు లేస్తాయి. ఆ బుడగల దగ్గర మెల్లగా, చప్పుడు లేకుండా ఎర దించాలి.

చిన్నమ్మ దారాన్ని తల మీదుగా గిరగిరా తిప్పి విసిరింది. నట్టు దభీమని పడింది. తుంగలో ఉన్న కొంగలు కూడా లేచిపోయాయి. లాగి మళ్లీ విసిరింది. ఈసారి దారం చిక్కుపడింది. చిక్కు విప్పుతూ దారాన్ని తిట్టింది, నట్టును తిట్టింది, పండరిపురం దాకా నడిచిన కాళ్లను తిట్టింది. కోపంతో గాలం వెయ్యొద్దని, ఆ వణుకు దారం వెంట దిగిపోయి చేపకు తెలుస్తుందని మా తాత అనేవాడట. అది గుర్తొచ్చి కోపం ఇంకా పెరిగింది. ఎప్పుడు వెయ్యాలో, ఎలా వెయ్యాలో అన్నీ మగవాళ్లే చెప్తారు, చివరికి కర్ర కూడా వాళ్లే పట్టుకుపోతారు అనుకుంది.

పొద్దు బారెడు ఎక్కాక మంగళ వచ్చింది. ఆమె చిన్నమ్మ వాళ్ల పక్కింటి కోడలు. మిషన్ మీద బట్టలు కుడుతుంది. చిన్నమ్మను సొంత అక్కలా చూసుకుంటుంది. బట్టలు ఉతికే నెపంతో మూట పట్టుకుని వచ్చింది కానీ మూట విప్పలేదు.

"అక్కా, ఊరంత నీ ముచ్చటే. దేవుని జెండ కర్ర వాపస్ ఇయ్యుమంటున్నదట గదా అని."

"నేను అడిగిన్నా? ఎవలన్నరు?"

"అందరంటున్నరు. నువ్వు పట్టి గుంజబోతుంటె ఆపిండ్రట."

"ఎవ్వడాపిండు? ఒక్కడు చాయ్ గిలాస కింద పెట్టలే. నా అంతట నేనే ఇడిసి అచ్చిన."

మంగళ బుజ్జగిస్తున్నట్టు అంది. "పోనియ్యక్కా. కర్రే గదా. గసొంటివి పది దొరుకుతయ్. దేవుని పనికే గదా పోయింది, పున్నెం నీకే."

చిన్నమ్మ దారం వేలికి చుట్టుకుని మంగళ వైపు తిరిగింది. "రేపు నువ్వు బజారుకు పోయినప్పుడు నీ కుట్టు మిషన్ నీ మొగడు మోసుకపోయి గుళ్ళె పెట్టి అస్తడు. దేవుని బట్టలు కుట్టనీకి. పోనియ్ అంటవా? పున్నెం నాకే అని ఇంట్ల ఊకుంటవా?"

మంగళ మూట కింద పెట్టింది. ఆ మిషన్ ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. "నేనైతే చంపుత" అంది చివరికి, చిన్న గొంతుతో.

"మరి నాకెందుకు చెప్తవ్ పోనియ్ అని?"

మంగళ కొంగు చాటున తెచ్చిన రొట్టె, వెల్లుల్లి కారం చిన్నమ్మ పక్కన రాయి మీద పెట్టి, మూట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఎండ వేడెక్కింది. తుంగ మూల బుడగలు లేవడం మొదలైంది. ఈసారి చిన్నమ్మ దారం మెల్లగా వేసింది. ఎర దిగింది. అప్పుడే గట్టు మీద మోటారు సైకిలు చప్పుడు. దిండీ నడిపించే జ్ఞానేశ్వర్ మహారాజ్ దిగి వచ్చాడు. మరాఠీ మనిషి, కానీ ఊళ్లో పుట్టి పెరిగాడు కాబట్టి తెలుగు మాట్లాడతాడు. మంచివాడు, కీర్తన చెప్తే జనం ఏడుస్తారు.

"రామ్ కృష్ణ హరి, ద్రౌపదాబాయి."

"రామ్ కృష్ణ హరి. జర మెల్లగ మాట్లాడుండ్రి మహారాజ్, చాపలు బెదురుతయ్."

ఆయన చెప్పులు విడిచి కొంచెం దూరంలో కూర్చున్నాడు. "దేవన్న అచ్చి చెప్పిండు. నాకు తెల్వదు బాయీ, ఆ కర్ర మీదని. తెలిస్తె ముట్టకపోదుము. ఇప్పుడు కూడా ఏం పోయింది? ఇనుప పైపు తెప్పిస్త. జెండ మార్చుత. మీరు ఒక్క మాట అనుండ్రి, నా కర్ర నాకియ్యుండ్రి అని."

మాట మంచిదే. కానీ చిన్నమ్మకు ఒళ్లు భగ్గుమంది. తప్పు చేసిన మనిషి ఇంట్లో కూర్చుని పెద్దమనిషిని పంపాడు. ఆ పెద్దమనిషి చెప్పేదేమిటి? నువ్వు అడుగు అని. దేవుడి జెండా దించమని ఆమె నోటితో ఆమె అడగాలి. ఇచ్చినవాడి పేరు పుణ్యంలో ఉంటుంది, అడిగినదాని పేరు ఊళ్లో ఉంటుంది.

"నేను అడగ" అంది.

"మరెట్ల?"

"ఇచ్చినోడు ఉన్నడు గదా. ఆయిన రావాలె. మండపంల అందరి ముంగట నిలవడి, నాది కానిది నేనిచ్చిన అని ఆయిన చెప్పాలె. నేనెందుకు అడుగుత మహారాజ్? నేను ఇయ్యలే, తీస్కోలే. నడుమ నా పేరెందుకు?"

మహారాజ్ చెప్పులు దగ్గరికి లాక్కున్నాడు. "మీరన్నది న్యాయమే" అన్నాడు. లేచి దండం పెట్టి వెళ్లిపోయాడు. న్యాయమన్నందుకు కూడా చిన్నమ్మకు కోపం తగ్గలేదు. న్యాయమని తెలిసినవాడు ఆ మాట చిన్నాయనతోనే ఎందుకు చెప్పలేదు?

మధ్యాహ్నం రొట్టె తిన్నది. రెండు చిన్న చేపలు పడితే వదిలేసింది. ఆమెకు ఆ రోజు చిన్నవి వద్దు.

పొద్దు వాలుతుండగా చిన్నాయన వచ్చాడు. తెల్ల ధోవతి, తెల్ల టోపీ, మెడలో మాల. గట్టు మీదే నిలబడి, "ఇంటికి రా" అన్నాడు.

చిన్నమ్మ తిరగలేదు.

"మహారాజ్ చెప్పిండు. పైపు తెస్తడట. ఇగ అయిపోయె గదా. రా."

"ఎందుకిచ్చినవ్?"

"చెప్పిన గదా, పొడుగు కర్ర..."

"ఊళ్ళె పొడుగు కర్రలు లేవా? మనింట్లనే పత్తి కట్టెల మీద రెండున్నయ్. నా కర్రే ఎందుకిచ్చినవ్?"

ఆయన కింద రాళ్ల దాకా దిగివచ్చి నిలబడ్డాడు. చిన్నమ్మ గొంతు లేచింది. తలావ్ అవతలి ఒడ్డున బర్రెలు కాసేవాళ్లకు వినిపించేంత లేచింది.

"నువ్వు దేవునికియ్యలే కర్ర. నా చేతులనుంచి గుంజుకున్నవ్. చాపలు పట్టకు అని నోటితోని అంటే నేను నాలుగు మాటలంట, నువ్వు నాలుగు మాటలు పడాలె. గందుకే దేవుణ్ని అడ్డం పెట్టుకున్నవ్. దేవుని మీదికెయితే నేను రానని!"

అప్పుడే దారం కదిలింది. ముందు చిన్నగా, ఎవరో వేలు పట్టి పిలిచినట్టు. తర్వాత ఒక్కసారి గట్టిగా. చిన్నమ్మ వెనక్కి గుంజింది. కొక్కెం తగులుకుంది. అవతలి బరువు చెయ్యి దాకా వచ్చింది. చిన్న చేప కాదు. దారం చర్రున నీళ్లను కోస్తూ తుంగ వైపు పోయింది.

కర్ర ఉంటే ఆ గుంజులాటను కర్ర తీసుకునేది, వంగి లేచేది. ఇప్పుడు అంతా చేతి మీదే పడింది. దారం చూపుడువేలిని కోసింది. కొంగు చుట్టుకుని పట్టుకుంది. చేప ఇంకా లాగుతోంది. ఆమె ఒక కాలు నీళ్లలో పడింది, తర్వాత రెండోది. అడుగున బురద జారుడు. ఆ మూలన ఒడ్డు దిగితే ఒక్కసారిగా లోతు.

"ఇడిసిపెట్టు! పడిపోతవ్!" అని చిన్నాయన అరిచాడు.

"ఇడువ!"

ఆమె మోకాళ్ల దాకా దిగిపోయింది. చిన్నాయన చెప్పులతోనే నీళ్లలోకి దూకి, వెనక నుంచి ఆమె నడుము చుట్టూ రెండు చేతులూ వేసి పట్టుకున్నాడు. దారం ముట్టుకోలేదు. మాల వేసుకున్నవాడు గాలం దారం ముట్టుకోకూడదని ఆ తొందరలో కూడా ఆయనకు గుర్తుందట. "నేను చాపను పట్టలే, నా పెండ్లాన్ని పట్టుకున్న" అని నాకు చెప్పాడు.

అలా పట్టుకుని ఉండగానే చిన్నమ్మ దారం కొంచెం వదులుతూ, కొంచెం లాగుతూ, పళ్లు బిగించి అడిగింది. "కర్ర ఎవలది?"

"ఇప్పుడా?"

"ఎవలది చెప్పు!"

"నీది."

"గట్టిగ చెప్పు!"

"నీదే! నీదే తల్లీ, నీదే!"

"ఎందుకిచ్చినవ్?"

చేప ఇంకోసారి లాగింది. ఇద్దరూ ముందుకు తూలారు. చిన్నాయన కాళ్లు బురదలో తన్ని పెట్టి, రొప్పుతూ అన్నాడు. "పెరట్ల పొయ్యి రాజుకుంటె నాకు నోరూరుతది. మాలేసుకున్నంక కూడా నోరూరుతది. నీకెట్ల చెప్పాలె? కర్ర లేకుంటె చాపలు రావు, చాపలు రాకుంటె నా బాధ ఉండదు అనుకున్న. గంతే. గంతే ద్రౌపదీ."

 చేప అలిసిపోయింది. పక్కకు తిరిగి, బంగారు రంగు పొలుసులు ఎండలో మెరుస్తూ ఒడ్డుకు వచ్చింది. ఆమె వంగి మొప్పల్లోకి వేళ్లు పెట్టి గట్టు మీదికి ఈడ్చింది. పసిపిల్లంత బంగారుతీగ. పెదవి పక్క మీసాలు వణుకుతున్నాయి. ఆమె వేలి నుంచి నెత్తురు కారుతోంది. ఇద్దరి బట్టలూ బురద. చిన్నాయన టోపీ నీళ్ల మీద తేలుతోంది.

చిన్నాయన చేపను చూసి, చూపు తిప్పుకుని, "ఇడిసిపెట్టరాదే" అన్నాడు మెల్లగా. "మాలేసుకున్నోని ఇల్లు."

"మాల నీ మెడల ఉన్నది. ఇంటి మెడల లేదు" అంది చిన్నమ్మ. "నీ నోరూరితె నువ్వు ఆపుకోవాలె. పండరి దాక నడిసినవ్, పెరటి దాక పోకుంట ఉండలేవా? నీ నోటికి నా చేతులు కట్టేస్తవా?"

ఆయన టోపీ తీసుకుని, పిండుకుని, నెత్తిన పెట్టుకున్నాడు.

చిన్నమ్మ చేపను తడి సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకుని, ఊరి మధ్య నుంచి, గుడి ముందు దారి వదిలి బజారు దారిన ఇంటికి పోయింది. పెరట్లో రాళ్ల పొయ్యి మీద పులుసు పెట్టింది. మంగళకు ఒక గిన్నె పంపింది. కోసిన వేలు మండుతుంటే ఎడమ చేత్తో కలుపుకుని తిన్నది. చిన్నాయన ముందు అరుగు మీద పప్పూ రొట్టె తిన్నాడు. ఆ రోజు లేచి బయటికి పోలేదు. తిన్నాక అక్కడి నుంచే, "వేలు నొస్తున్నదా?" అని అడిగాడు. చిన్నమ్మ గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత వచ్చిన ఏకాదశి భజనలో ఆయన నిజంగానే లేచి నిలబడ్డాడు. "జెండ కర్ర నాది కాదు. నా ఇంటిదాన్ది. అడగకుంట ఇచ్చిన. తప్పయింది" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. "దేవునిది గాదన్నట్టు!" అని ఇంకెవరో గొణిగారు. మహారాజ్ వాళ్లను ఒక చూపు చూశాక మండపం సద్దుమణిగింది. ఆడవాళ్ల వైపు కూర్చున్న చిన్నమ్మ తల ఎత్తి అన్నీ విన్నది. నవ్విందెవరో కూడా చూసి పెట్టుకుంది. మర్నాడు ఇనుప పైపు వచ్చింది, కర్ర ఇంటికి వచ్చింది.

వచ్చింది కానీ పనికిరాకుండా వచ్చింది. జెండా నిలబడడానికి సన్నటి చివర మూరెడు కోసేశారు. నడుమ రెండు మేకులు కొట్టారు, మేకుల దగ్గర వెదురు చీలింది. చిన్నమ్మ దాన్ని చేత్తో ఊపి చూసింది. బరువు తప్పింది, వంగడం లేదు. తప్పు చేసినవాడు తప్పని చెప్పాడు, ఊరంతా విన్నది. కానీ కోసిన మూర మళ్లీ మొలవదు. ఆ రోజే ఆమె గట్టిగా ఏడ్చిందని మంగళ చెప్పింది. ఏడుస్తూ తిట్టిందట, ఎవరినని లేకుండా.

"సర్ఖనికి పోదాం, నేను కూడ అస్త, మంచిది ఏరుదాం" అని చిన్నాయన చాలాసార్లు అన్నాడు. ఆమె పోలేదు. ఇప్పటికీ చేతి గాలమే వేస్తోంది. చూపుడువేలి మీద మచ్చ గట్టిపడింది.

పోయిన నెల నేను ఆ ఊరికి పోయినప్పుడు ఆమె వెంట తలావ్‌కు నడిచాను. ఆమె ఎర దించి కూర్చుంది. చాలాసేపటికి, "కోపం ఇంకా ఉన్నదా చిన్నమ్మా?" అని అడిగాను. "ఆయినె మంచోడు, తప్పు ఒప్పుకున్నడు గదా?"

"మంచోడే. ఒప్పుకున్నడు" అంది. "అయితే? నా కోపం ఆయిన ఒప్పుకుంటె పోవాల్నా? గది నాది. ఉండాలన్నన్ని దినాలు ఉంటది."

తర్వాత నా వైపు చూడకుండానే, చేత్తో పక్కకు జరగమని సైగ చేసింది. "జర అవుతల కూసో. నీ నీడ నీళ్లల్ల పడుతున్నది."